వేలంపాట లేవని ఊరు

మాది అనకాపల్లి. బెల్లం మార్కెట్లో మా నాన్నకి దుకాణం ఉంది, పద్దులు నేను రాస్తాను. పొద్దున్నే యార్డులో దిమ్మలు వరసగా పెట్టి పాట మొదలెడితే ఆ కేకలు మా వీధి చివరిదాకా వినిపిస్తాయి. మా ఇంట్లో పసిపిల్లలు ‘అత్త’, ‘తాత’ తరవాత నేర్చుకునే మాట ‘ఒకటోసారి’. పాట లేవని రోజున మార్కెట్లో ఎవరి మొహంలోనూ నెత్తురుచుక్క ఉండదు. అలాంటి ఇంట్లో పుట్టినదాన్ని, వేలం జరుగుతుంటే నోరు విప్పకపోవడమే పరువుగా బతుకుతున్న ఒక ఊరు చూసి వచ్చాను. విన్నవాళ్ళకే మళ్ళీ మళ్ళీ చెబుతున్నానని ఇంట్లో విసుక్కుంటున్నారు కాబట్టి, ఇక మీకు రాసేస్తున్నాను.

రాయగడ దాటాక

మా నాన్న తమ్ముడు అప్పారావు బాబాయి రాయ్‌పూర్‌లో ఉంటాడు. మీసాలు రాని వయసులో రైల్వేలో చేరి, వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరుగా చేసి, రిటైరై అక్కడే ఉండిపోయాడు. వినాయక చవితి ముందు వచ్చే అమావాస్యకి అక్కడ ‘పోలా’ అని ఎడ్ల పండగ చేస్తారు. దానికి రమ్మని ఏటా ఫోను చేస్తాడు. వానాకాలం బెల్లానికి పని తక్కువ. ఈసారి బయల్దేరాను.

విశాఖలో రైలెక్కితే ఎదురు సీట్లో నరసాపురం వైపు నర్సమ్మగారు కూర్చుంది. రాయ్‌పూర్‌లో ఆస్పత్రి ఉద్యోగం, వెళ్ళి చాలా ఏళ్ళయిందట. మెళ్ళో చిన్న శిలువ, ఒళ్ళో పెద్ద స్టీలు డబ్బా. రాయగడ కొండలు వచ్చేసరికి డబ్బా మూత తీసి నా చేతిలో కజ్జికాయలు పెట్టింది.

“ఒక్క మాట గుర్తెట్టుకో అమ్మా,” అంది. “అక్కడ బజార్లో తెలుగులో అడిగితే రేటు చెబుతారు. హిందీలో అడిగితే ఆ రేటే చెబుతారు. వాళ్ళ ఛత్తీస్‌గఢీలో అడిగావనుకో, ముందు కూర్చోమంటారు.”

ఆ మాట ఎంత నిజమో తరవాత చూశాను. కొండలు దాటాక కిటికీలోంచి ఇక వరి, వరి, వరి. మన కోనసీమ వాళ్ళు చూస్తే కాస్త కుళ్ళుకుంటారు.

మోవా, రెండో అంతస్తు

బాబాయి రాయ్‌పూర్‌లోనే మోవా అనే చోట కొత్తగా ఫ్లాటు కొన్నాడు. రైల్వే క్వార్టర్లలో జీవితమంతా గడిపినవాడికి సొంతిల్లు కదా, స్టేషన్ నుంచి ఇంటికి వచ్చేలోపల ఆటో అతనికి కూడా దాని కొలతలు చెప్పేశాడు. నిజానికి అది రెండు గదులు. బాల్కనీలో వాషింగ్ మెషీను, తులసి కుండీ, బట్టల తీగ పోను నిలబడటానికి ఒక మనిషికి చోటుంటుంది, ఆ మనిషి సన్నంగా ఉంటే.

“సూసేవా బాల్కనీ! ఇక్కడ ఎద్దుని కట్టీవొచ్చు. అంత జాగా!” అన్నాడు బాబాయి.

“ఎద్దుని కట్టండి, నేను క్వార్టర్‌కి వాపస్ పోతాను,” అంది సరోజా పిన్ని వంటింట్లోంచి. పిన్ని రాయ్‌పూర్‌లోనే పుట్టిన రైల్వే వాళ్ళమ్మాయి. ఒక వాక్యంలో సగం శ్రీకాకుళం, సగం హిందీ ఉంటుంది. ఛత్తీస్‌గఢీ మాత్రం నీళ్ళలా మాట్లాడుతుంది.

రాత్రి భోజనానికి ‘ఫరా’ చేసింది. అన్నం, బియ్యప్పిండి కలిపి వేళ్ళంత పొడుగ్గా చేసి ఆవిరి మీద ఉడికించి, నువ్వులతో తాలింపు పెడతారు. మన కుడుములకి అక్క అనుకోండి. ఏడు తిన్నాక పిన్ని గిన్నె నా ముందునుంచి తీసేసింది.

బాబాయి ఎంత గొప్పలు పోయినా ఒక విషయంలో అబద్ధం లేదు. కాలనీలో తెలుగువాళ్ళ వినాయకుడి లడ్డూ వేలంలో ఆయన మహారాజు. ఎవరూ పాట ఎత్తకపోతే దేవుడికి చిన్నతనమని మొదటి పాట తానే పాడతాడు. “పాట లేవకపోతే సరుక్కి అవమానం, సరుకు తెచ్చిన మనిషికీ అవమానం,” అనేది మా తాత మాట. బాబాయి ఆ మాట రాయ్‌పూర్ దాకా మోసుకెళ్ళాడు. ఇది గుర్తుంచుకోండి, మా కొంప ముంచింది ఇదే.

ధంతరీ దారి

పోలాకి మేం వెళ్ళాల్సింది బాబాయి పాత జోడీ కేజూరామ్ గారి ఊరికి. ఇద్దరూ షాపులో పక్కపక్కన పనిచేశారు. ఆయన రిటైరయ్యాక ధంతరీ అవతల సొంతూళ్ళో వ్యవసాయం చేస్తున్నాడు. ఒకప్పుడు ధంతరీకి చిన్న రైలుండేదట. బాబాయి బస్సులో దారి పొడుగునా ఆ రైలుని తలుచుకుని నిట్టూరుస్తూనే ఉన్నాడు. కురూద్‌లో బస్సాగితే పది రూపాయలకి దొప్ప నిండా మినప గారెలు ఇచ్చారు. మన గారెకి చిల్లుంటుంది, వాళ్ళ ‘బరా’కి ఉండదు. రుచి మాత్రం చిల్లున్నా లేకపోయినా ఒకటే.

ధంతరీలో కేజూరామ్ గారు ఎదురొచ్చారు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. నన్ను చూసి, “ఏటమ్మా, పెయానం బాగా అయ్యిందేటి?” అన్నారు. నేను నోరు తెరిచేశాను. బాబాయి పక్కన ముప్పై ఏళ్ళు నిలబడి నేర్చుకున్న తెలుగు కదా, అచ్చు అనకాపల్లి తెలుగే, కాస్త ఛత్తీస్‌గఢీ యాసతో.

కాలువ గట్టు

వాళ్ళ ఊరు కండేల్‌కి పక్కన. పేరు రాయను, అక్కడి ఒకాయనకి మాటిచ్చాను. ఎందుకో మీకే తెలుస్తుంది. ఊళ్ళోకి పోయేముందు కేజూరామ్ గారు మమ్మల్ని కాలువ గట్టు మీద ఆపారు. నీళ్ళు నిండుగా, ఎర్రగా పోతున్నాయి.

“ఈ నీళ్ళకోసమే గొడవ,” అన్నారు. తెల్లవాళ్ళ కాలంలో కాలువ ఆఫీసువాళ్ళు రైతులు నీళ్ళు దొంగిలించారని ఊరుమ్మడిగా జుర్మానా వేశారట. శ్రావణం వానలకి పొలాలు చెరువులై ఉన్నాయి, దొంగిలించే అవసరం ఎవరికుంది? కట్టం అన్నారు కండేల్ రైతులు. అయితే పశువుల్ని జప్తు చేసి, తోలుకుపోయి, సంతలో వేలం పెట్టారు.

“ధంతరీ సంతలో పెట్టారు. ఒక్కడూ పాడలేదు. ఇంకో సంతకి తోలేరు. అక్కడా పాడలేదు. ఊరూరా తిప్పేరు పశువుల్ని. పాపం కొన్ని జబ్బుచేసి చచ్చిపోయాయి కూడా. అయినా ఒక్క నోరు లేవలేదు. ఆఖరికి సర్కారే జుర్మానా మాఫ్ చేసింది.”

“శభాష్!” అన్నాడు బాబాయి. నేను కాలువకి ఫోటో తీసుకున్నాను. వందేళ్ళ కిందటి ముచ్చట, ఎంత బాగుందో అనుకుని, ఇద్దరం దాన్ని మనసులో అద్దాల బీరువాలో పెట్టేసి తాళం వేసేశాం.

ఆ సాయంత్రం అరుగు మీద టీ తాగుతుంటే ఊరి కోత్‌వార్ వచ్చాడు. కోత్‌వార్ అంటే మన తలారి లాంటివాడు, ఊళ్ళో డప్పు వేసి సంగతులు చెప్పే మనిషి. ముసలాయన, పొట్టిగా, మొహం నిండా ముడతలు. బాబాయి ఊరుకుంటాడా, ఆయనకీ మోవా ఫ్లాటు కొలతలన్నీ చెప్పి, “బాల్కనీమే బైల్ బాంధ్ సక్తే హై” అని, ఎద్దుని కట్టొచ్చన్న మాటతోనే ముగించాడు. కోత్‌వార్ మర్యాదగా తలాడించి, ఇంకో కప్పు టీ తాగి వెళ్ళాడు.

దొడ్డి దగ్గర

మర్నాడు పోలాకి ముందురోజు. పొద్దున్నే బోరే, అంటే నీళ్ళు పోసిన రాత్రి అన్నం, పచ్చి ఉల్లిపాయతో పెట్టారు. మన చద్దన్నమే. తినగానే కేజూరామ్ గారు, “పంచాయతీ కాడ కొంచెం పని ఉంది, రండి, చూద్దురు గానీ,” అన్నారు. ఏం పనో చెప్పలేదు. అతిథులకి ఇంటి కష్టం చెప్పకూడదని వాళ్ళ పట్టింపు.

వెళ్ళేసరికి ఊరంతా అక్కడే ఉంది. వాళ్ళు కాంజీహౌస్ అంటారు, మన బందెలదొడ్డి. పరాయి చేలో పడ్డ పశువుల్ని అందులో కడతారు. గడువులోగా ఎవరూ విడిపించుకోకపోతే వేలం. వాకిట్లో ఒక తెల్లటి ఎద్దు, కొమ్ములు లోపలికి వంగి, చాలా అందంగా ఉంది. దాని మెడ మీద చెయ్యేసి కేజూరామ్ గారి చెల్లెలు సుకవారో బాయి నిలబడి ఉంది. ముందురోజు మాకు ఠేఠరీలు, అంటే శనగపిండి కారప్పలు, వేయించి పెట్టిన చెయ్యే అది. ఆమె మొహం పిండి పట్టినట్టు పాలిపోయి ఉంది.

కేజూరామ్ గారు మమ్మల్ని నీడలో నిలబెట్టి, “ఇప్పుడే వస్తాను, ఇంటికెళ్ళి దీని పలుపు, గంటలు తెస్తాను,” అని వెళ్ళిపోయారు. ఎద్దు ఇంటికి వస్తుందని ఆయనకి అంత నమ్మకం. ఆ నమ్మకం ఎందుకో మాకు చెప్పాలని మాత్రం తోచలేదు. తెల్లారితే సూర్యుడొస్తాడని ఎవరైనా ఎవరికైనా చెబుతారా?

కోత్‌వార్ డప్పు కొట్టి ఛత్తీస్‌గఢీలో షరతులు చదివాడు. పిన్ని నా చెవిలో తెలుగు చేసింది. పాట పాడినవాళ్ళు వెనక్కి తీసుకోకూడదు. పాడే మనిషికి పశువుని కట్టడానికి సొంత కొట్టం ఉండాలి. మూడు కేకలకి ఎవరూ పాడకపోతే ఎద్దు సొంతదారుకి పోతుంది. అది విన్నాను, విని పక్కన పెట్టేశాను. బాబాయికి హిందీ వచ్చినంతగా ఛత్తీస్‌గఢీ రాదు, పైగా ఆడవాళ్ళకి దూరంగా మగవాళ్ళలో నిలబడ్డాడు, ఆయన చెవికి ఎవరూ తెలుగు చేయలేదు.

మొదటి కేక. ఎవరూ పలకలేదు. రెండు వందలమందైనా ఉంటారు, ఒక్క దగ్గు కూడా లేదు. సుకవారో బాయి కళ్ళు మూసుకుంది.

నేను బాబాయి మొహం చూశాను. ఆ మొహం నాకు చిన్నప్పటినుంచి తెలుసు. పాపం ఆడమనిషి ఎద్దునమ్ముకుంటోంది, పాట లేవలేదు, ఎంత అవమానం, పైగా నా స్నేహితుడి చెల్లెలు. అవన్నీ ఆ మొహం మీద ఒక్కొక్కటిగా నడిచి వెళ్ళాయి. నేను “బాబాయ్” అనేలోపల చెయ్యి లేచింది.

“పాంచ్ హజార్!”

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే అదే. జనమంతా ఒక్కసారి తిరిగి చూశారు. కోత్‌వార్ డప్పు కర్ర చేతిలోనే ఉండిపోయింది. తరవాత తెలిసింది, ఆయన జీవితంలో పాట వినడం అదే మొదటిసారి. వింటే ఏం చెయ్యాలో ఆయనకి తెలియదు. “ఫిర్ సే?” అన్నాడు నీరసంగా. మళ్ళీ అనమంటున్నాడు కాబోలని బాబాయి ఇంకా గట్టిగా అన్నాడు.

సుకవారో బాయి ఎద్దు మెడ వదలకుండా అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

బాల్కనీ కొలతలు

గంటలు పట్టుకుని కేజూరామ్ గారు పరిగెత్తుకొచ్చారు. “ఏటి చేసేవు అప్పారావు భాయ్!”

“మీ చెల్లి ఎద్దుకి పాట లేవదంటే నాకు ప్రాణం ఒప్పలేదు...”

“అమ్మడం లేదయ్యా. కూతురి పురిటికి చెల్లి ధంతరీ ఆస్పత్రిలో ఉండిపోయింది. ఈ ఎద్దు తాడు తెంచుకుని పక్కూరి చేలో పడితే ఈ దొడ్డికే తోలేరు. సొంతదారే వచ్చి విడిపించాలి, చెల్లి తిరిగొచ్చేసరికి గడువు దాటిపోయింది. ఊళ్ళో ఎవడూ పాడడు. కండేల్ వేలాలప్పటినుంచి ఈ ఊళ్ళో పక్కవాడి పశువు మీద ఎవడూ పాడడు. బయటి బేరగాడు వస్తే ఏటవుద్దో అని రాత్రంతా చెల్లికి నిద్ర లేదు.” ఆయన ఆగి అన్నారు, “బయటివాడు నువ్వే అవుతావనుకోలేదు.”

బాబాయి మొహం చూడలేకపోయాను. పాట వెనక్కి తీసుకుంటానన్నాడు. సర్పంచ్ గారు, ముక్కుపుడక పెట్టుకున్న గంభీరమైన మనిషి, తల అడ్డంగా ఊపింది. షరతు షరతే. ఇంకొకళ్ళు పైన పాడితేనే ఈ పాట పోతుంది. కానీ పైన పాడే నోరు ఆ ఊళ్ళో లేదు, బాబాయిని కాపాడటానికి కూడా లేవదు.

“అయితే కొనేసి, ఆవిడకే ఇచ్చేస్తాను,” అన్నాడు.

సుకవారో బాయి నేల మీదనుంచే మాట్లాడింది. కోపం లేదు. పిన్ని మెల్లిగా చెప్పింది నాకు. “కండేల్ వేలాలప్పుడూ కొని ఇచ్చేస్తామన్న మంచివాళ్ళు ఉన్నారట. వీళ్ళ అమ్మమ్మ ఒప్పుకోలేదట. కొన్నాక అది అమ్ముడుపోయినట్టే, మళ్ళీ ఇస్తే దానమవుతుంది గానీ మనదవ్వదు అందట.”

ఇంటి దగ్గర దీని జోడీ ఎద్దు పొద్దున్నుంచి గడ్డి ముట్టలేదని ఎవరో అన్నారు. తెల్లారితే పండగ. నాకు ఏడుపొచ్చింది. ఆ బీరువాలో పెట్టి తాళం వేసిన ముచ్చట అంతా ఇక్కడ, నా కళ్ళముందు, ఒక ఆడమనిషి చెయ్యి కింద ఊపిరి పీలుస్తూ ఉంది. దాన్ని మా చేతులతో మేమే విరిచేశాం.

అప్పుడు కోత్‌వార్ గొంతు సవరించుకున్నాడు. డప్పు కింద పెట్టి బాబాయి ముందుకొచ్చి, పద్ధతి ప్రకారం అడగాల్సినవి అడగడం మొదలెట్టాడు. పేరు? చెప్పాడు. ఊరు? రాయ్‌పూర్, మోవా. కొట్టం?

బాబాయి తెల్లబోయి చూశాడు. పిన్ని ఆ ప్రశ్న ఎందుకో నాకంటే ముందు అందుకుంది. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి మొగుడి పక్కన నిలబడింది.

“కొట్టముందా అని అడుగుతున్నాడు,” అంది. “ఏమండీ, జిందగీలో ఒక్కసారి మనిల్లు ఎంతో సచ్ చెప్పండి.”

“ఫ్లాటు... రెండో అంతస్తు,” అన్నాడు బాబాయి.

కోత్‌వార్ కనుబొమ్మలెత్తాడు. నిన్న బాల్కనీలో ఎద్దుని కట్టొచ్చన్నారు కదా అని అడిగాడు. కళ్ళలో నవ్వు లేదు, కానీ ముడతలన్నీ నవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి.

బాబాయి ఊరంతటినీ చూశాడు. మీసం తుడుచుకున్నాడు. “కట్టలేం,” అన్నాడు హిందీలో, అందరికీ వినబడేలా. “వాషింగ్ మెషీను పెట్టాక నేనే పక్కకి తిరిగి నిలబడాలి. మేక కూడా పట్టదు. నిన్న గొప్పకి చెప్పాను. మెట్లు కూడా ఇరుకే. ఫ్రిజ్‌ని తాళ్ళతో పైకి లాగాం.”

ముందు సర్పంచ్ గారు నవ్వింది. ఆ తరవాత ఊరు ఊరంతా. నవ్వులు ఆగేదాకా ఆగి, కోత్‌వార్ డప్పు తీసుకుని గంభీరంగా ప్రకటించాడు: కొట్టం లేని మనిషి పాట చెల్లదు.

మళ్ళీ మొదటినుంచి మూడు కేకలు వేశాడు. ఈసారి ఆ మౌనంలో నేనూ నిలబడ్డాను. నా పక్కన పిన్ని, అవతల బాబాయి రెండు చేతులూ చంకల్లో గట్టిగా పెట్టుకుని. పాటలతో బతికే ఇంటి ఆడపిల్లని, పాట లేవకపోతే ఇంత సంతోషం వస్తుందని నాకు తెలియదు. మూడో కేక గాలిలో కలిసిపోయింది. సుకవారో బాయి లేచి ఎద్దు నుదురు మీద తన నుదురు ఆనించింది. నేను కళ్ళు తుడుచుకోలేదు, అక్కడ ఎవరూ తుడుచుకోవడం లేదు.

దారిలో కేజూరామ్ గారిని అడిగాను. “అప్పుడంటే తెల్లవాళ్ళు. ఇప్పుడు పంచాయతీ మీదే కదా?”

“అప్పుడు కోపంతో పాడలేదమ్మా,” అన్నారు. “ఇప్పుడు అలవాటైపోయింది. కోపం పోయింది, అలవాటు మిగిలింది. మంచిదే కదా.”

పోలా

పండగ రోజు ఎడ్లకి స్నానాలు, కొమ్ములకి రంగులు, మెడలో గంటలు. మన ఏరువాక గుర్తొచ్చింది, కాకపోతే ఇక్కడ పిల్లలకి కూడా ఎద్దులుంటాయి. మట్టితో చేసి చక్రాలు పెట్టిన ఎడ్లని తాడు కట్టి వీధంతా లాక్కుంటూ తిరుగుతారు. ఖుర్మీ అని గోధుమపిండి, బెల్లంతో వేయించిన బిళ్ళలు పెట్టారు. బెల్లం కొంచెం నల్లరకం. మా మార్కెట్లో అయితే పేరు పెడతాం. నోరు మూసుకుని నాలుగు తిన్నాను.

తెల్ల ఎద్దుకి మొదటి ముద్ద ఎవరు పెట్టాలంటే సుకవారో బాయి బాబాయిని పిలిచింది. ఆయన వెనక్కి తగ్గాడు, తన చేతికి ఆ అర్హత లేదన్నాడు. ఆమె ఆయన మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళింది. ఎద్దు ఆయన అరచెయ్యంతా నాకి, ఇంకా ఉందేమోనని జేబులో మూతి పెట్టింది.

బయల్దేరేటప్పుడు ఊరు సగం బస్సు దాకా వచ్చింది. ఊరి పేరు బయటపడితే బేరగాళ్ళు దారి కనుక్కుంటారని కోత్‌వార్ నాచేత మాట తీసుకున్నాడు. బస్సు కదులుతుండగా సుకవారో బాయి కిటికీలోంచి బాబాయి ఒళ్ళో ఒకటి పెట్టింది. గుప్పెడంత మట్టి ఎద్దు, తెల్ల సున్నం పూసి, నాలుగు చక్రాలతో. పెట్టి ఏదో అంది. జనం గొల్లుమన్నారు. బాబాయి మాత్రం ధంతరీ వచ్చేదాకా దాన్ని రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాడు.

ఏమంది అని పిన్నినడిగాను.

“ఇది మీ బాల్కనీలో పడుతుంది భయ్యా, కట్టుకో అంది.”

నేను వచ్చేశాక వినాయకుడి నిమజ్జనం అయింది. లడ్డూ ఎంతకి పాడాడో తెలుసుకుందామని ఫోను చేశాను. పిన్ని ఎత్తింది. ఈసారీ మొదటి పాట బాబాయే పాడాడట, దేవుడి లడ్డూ ఎవరి కొట్టంలోంచీ తోలుకురాలేదు కాబట్టి తప్పు లేదన్నాడట. మట్టి ఎద్దు ఏదీ అన్నాను.

“బాల్కనీలో ఉంది,” అంది పిన్ని. “గ్రిల్లుకి దారంతో కట్టేశారు మీ బాబాయి. రోజూ పొద్దున్నే కింద పార్కులోంచి గుప్పెడు గడ్డి కోసుకొచ్చి పెడుతున్నారు. ఎందుకండీ అంటే, తాడు తెంచుకుంటే మళ్ళీ వేలం పెడతారు అంటున్నారు.”